నల్లమలలో పద్నాలుగు కిలోమీటర్ల తప్పు

శ్రీశైలంలో పుట్టిన కరెంటు ఊళ్లకు చేరాలంటే ముందు నల్లమల దాటాలి. గట్టు మీద గట్టు, లోయ పక్కన లోయ, మధ్యలో పెద్దపులుల అభయారణ్యం. ఆ అడవి మీదుగా పోయే ఒక 220 కేవీ లైనుకు చెట్టు కొమ్మ తగిలి, తీగకూ నేలకూ మధ్య నిప్పు లేచిందనుకుందాం. సబ్‌స్టేషన్‌లోని రిలే రెప్పపాటులో బ్రేకర్‌ను తెరిపిస్తుంది. దాని పని అంతటితో అయిపోదు. ఆ క్షణాన లైను మీద ఎంత వోల్టేజి మిగిలింది, ఎంత కరెంటు పరిగెత్తింది అన్నవి పట్టుకుని, మొదటిదాన్ని రెండోదానితో భాగించి, ఫాల్ట్ ఎన్ని కిలోమీటర్ల అవతల ఉందో అంచనా కడుతుంది. ఆ భాగహారంలో వచ్చేదే ఇంపెడెన్స్, తెలుగు మీడియం పుస్తకాల్లో అవరోధం. అడవిలో ఏ టవరు దగ్గరికి నడవాలో సిబ్బంది తేల్చుకునేది ఆ లెక్కను బట్టే.

ఇప్పుడు ఆ లెక్కను మనమే చేసి చూద్దాం. ఇలాంటి లైన్లకు వాడే జీబ్రా అనే తీగకు కిలోమీటరుకు సుమారు 0.07 ఓమ్‌ల రెసిస్టెన్స్, సుమారు 0.4 ఓమ్‌ల రియాక్టెన్స్ ఉంటాయి. తీగలకు జంతువుల పేర్లు పెట్టడం ఈ వృత్తిలో పాత అలవాటు. పల్లెల్లో స్తంభాల మీద కనిపించే సన్న తీగలు స్క్విరల్, వీజల్, రాబిట్. చాలావరకు లావు పెరిగేకొద్దీ జంతువు కూడా పెరుగుతుంది. సరే, ఫాల్ట్ నిజంగా 40 కిలోమీటర్ల దూరంలో ఉందనుకుంటే, అక్కడిదాకా తీగ రెసిస్టెన్స్ 2.8 ఓమ్‌లు, రియాక్టెన్స్ 16 ఓమ్‌లు. కొమ్మ దగ్గర లేచిన నిప్పు తన వంతుగా మరో 12 ఓమ్‌ల రెసిస్టెన్స్ కలిపిందనుకోండి. మొత్తం రెసిస్టెన్స్ 14.8, రియాక్టెన్స్ మాత్రం 16 దగ్గరే ఉంది. ఈ రెండిటి వర్గాలు కలిపి వర్గమూలం తీస్తే ఇంపెడెన్స్ 21.8 ఓమ్‌లు వస్తుంది. మంచి స్థితిలో ఉన్న తీగకు కిలోమీటరుకు ఇంపెడెన్స్ 0.406 ఓమ్‌లు కాబట్టి, 21.8ని దానితో భాగించినవాడికి 53.7 కిలోమీటర్లు అన్న జవాబు వస్తుంది. ఎక్కడా గుణకారం తప్పలేదు, వర్గమూలం తప్పలేదు. అయినా మనిషి దాదాపు పద్నాలుగు కిలోమీటర్లు ముందుకు వెళ్లి, ఏమీ జరగని టవరు కింద నిలబడతాడు. రియాక్టెన్స్ ఒక్కదాన్నే విడిగా పట్టుకుని, 16ను 0.4తో భాగించినవాడు సరిగ్గా 40వ కిలోమీటరు దగ్గర ఉంటాడు.

ఈ అధ్యాయంలో చెప్పదలచుకున్నది ఇదే. ఐటీఐలో, డిప్లొమాలో ఇంపెడెన్స్ దగ్గర తడబడే చాలామంది తమకు లెక్కలు రావని నమ్మేస్తారు. ఇక్కడ కావలసిన లెక్క పదో తరగతి పైథాగరస్ సిద్ధాంతాన్ని మించదు. చిక్కు వేరే చోట ఉంది. ఇంపెడెన్స్ అంటే ఒక అంకె కాదు, ఒకదానికొకటి అడ్డంగా నిలిచిన రెండు అంకెలు. మన చదువులు ఆ రెండిటినీ మొదటి రోజే ఒక సూత్రంలో పోసి ఒక్క అంకెగా పిండేస్తాయి. ఆ పిండిన అంకెతో కొన్ని లెక్కలు తేలతాయి, కొన్ని తేలవు. ఏవి తేలవో చెప్పే సమాచారమే పిండేటప్పుడు కారిపోయింది కనుక విద్యార్థికి తన తప్పు కనపడదు. అందుకే జంటను జంటగానే నేర్చుకోవాలని, ఒక్క అంకెగా మార్చడాన్ని చిట్టచివరికి వాయిదా వేయాలని నా వాదన.

ఆ రెండు అంకెలు వేరే జాతులవని నమ్మడానికి శ్రీశైలం జలాశయం కంటే మంచి ఉదాహరణ దొరకదు. పోతిరెడ్డిపాడు తూముల గుండా రాయలసీమ కాలువల్లోకి దిగిన నీరు వెలుగోడు మీదుగా, బ్రహ్మంసాగర్ మీదుగా వెళ్లి మడిలో ఇంకిపోతుంది. అది తిరిగి రాదు. రెసిస్టెన్స్ చేసేది అదే. కరెంటు నుంచి తీసుకున్నది వేడిగానో, పనిగానో ఖర్చయిపోతుంది. ఎడమ గట్టు భూగర్భ విద్యుత్ కేంద్రం సంగతి వేరు. అక్కడి 150 మెగావాట్ల యంత్రాలు ఆరూ రెండు వైపులా తిరిగేవి. నీటిని దిగువకు వదిలి కరెంటు తీయగలవు, మిగులు కరెంటు ఉన్న వేళ అదే నీటిని సాగర్ వెనుక జలాల నుంచి మళ్లీ పైకి తోడగలవు. రియాక్టెన్స్ ఈ రెండో రకం. కాయిల్ తన అయస్కాంత క్షేత్రంలో, కెపాసిటర్ తన పలకల మధ్య శక్తిని దాచుకుని, సెకనులో వందో వంతు తిరిగేలోపే వెనక్కి ఇచ్చేస్తాయి. ఈ పోలిక ఎక్కడ తెగుతుందో కూడా చెప్పాలి. నీటిని తిరిగి తోడడంలో కొంత శక్తి తప్పకుండా నష్టపోతాం. ఆదర్శ కాయిల్‌కు ఆ నష్టం లేదు. నిజమైన కాయిల్‌లో జరిగే నష్టాన్ని రెసిస్టెన్స్ ఖాతాలో రాస్తాం. ఇచ్చిపుచ్చుకునేదాన్నీ, ఇచ్చి మరిచిపోయేదాన్నీ ఒకే పద్దులో కూడడం ఏ చిల్లరకొట్టు యజమానీ చేయడు.

మరి అడ్డంగా నిలవడం ఎందుకు? కాయిల్‌కు కరెంటు ఎంత ఉందన్నది పట్టదు, ఎంత వేగంగా మారుతోందన్నదే పట్టింపు. కరెంటు తన శిఖరాన్ని తాకిన క్షణంలో అది పెరగడం ఆగి, తగ్గడం ఇంకా మొదలు కాలేదు. మార్పు లేదు కనుక ఆ క్షణాన కాయిల్ మీద వోల్టేజి సున్నా. కరెంటు సున్నాను దాటుతున్నప్పుడు మార్పు అన్నిటికంటే జోరుగా ఉంటుంది, కాయిల్ వోల్టేజి శిఖరం అప్పుడు వస్తుంది. మన 50 హెర్ట్జ్ కరెంటులో ఒక ఆవృత్తానికి 20 మిల్లీసెకన్లు. శిఖరాల మధ్య ఎడం అందులో పావు వంతు, అంటే 5 మిల్లీసెకన్లు. ఆవృత్తాన్ని వృత్తంగా గీస్తే పావు వంతు అంటే లంబకోణం. కెపాసిటర్ కూడా 5 మిల్లీసెకన్ల ఎడమే చూపిస్తుంది, అయితే అవతలి వైపుకు. సూత్రాలు దీని వెంట వాటంతట అవే వస్తాయి. కాయిల్ రియాక్టెన్స్ రెండు పైలను ఫ్రీక్వెన్సీతో, హెన్రీలతో గుణించినంత. కెపాసిటర్ రియాక్టెన్స్ రెండు పైలు, ఫ్రీక్వెన్సీ, ఫారడ్‌ల లబ్ధాన్ని ఒకటి కింద పెట్టి భాగించినంత. 50 హెర్ట్జ్‌కు రెండు పైలు, ఫ్రీక్వెన్సీ కలిసి 314 అవుతాయి. కంఠస్థం చేయదగ్గది ఈ అధ్యాయం మొత్తంలో ఆ ఒక్క అంకే.

బోరు స్టార్టర్‌లోని నో వోల్ట్ కాయిల్ దీనికి రోజూ కనపడే సాక్ష్యం. విప్పి మల్టీమీటర్ పెడితే 500 ఓమ్‌లు చూపించిందనుకుందాం. అదే దాని మొత్తం అడ్డు అయితే 415 వోల్టుల మీద 0.83 ఆంపియర్లు లాగాలి, దాదాపు 344 వాట్ల వేడి పుట్టాలి, అగ్గిపెట్టెంత కాయిల్ చూస్తుండగానే మాడిపోవాలి. మాడకుండా ఏళ్ల తరబడి పనిచేస్తోందంటే దాన్ని కాపాడుతున్నది మల్టీమీటర్‌కు కనపడని రియాక్టెన్స్. ఆ మీటరు లోపల ఉన్నది బ్యాటరీ. బ్యాటరీ కరెంటు మారదు కనుక దాని ముందు రియాక్టెన్స్ నోరు మెదపదు. కాంటాక్టర్‌లో దుమ్ము పట్టి ఇనుప పలక పూర్తిగా మూసుకోకపోతే కాయిల్ ఎందుకు కాలిపోతుందో కూడా దీంతో తెలుస్తుంది. మధ్యలో గాలి సందు మిగిలితే హెన్రీలు పడిపోతాయి, రియాక్టెన్స్ పడిపోతుంది, కరెంటు పెరుగుతుంది. కొత్త కాయిల్ కొనేముందు పలకల మధ్య దుమ్ము తుడవమని అనుభవజ్ఞుడైన ఎలక్ట్రీషియన్ చెప్పే మాట వెనుక ఉన్నది ఈ లెక్కే.

ఒక ఉదాహరణను చివరిదాకా నడిపిద్దాం. ఒక కాయిల్ రెసిస్టెన్స్ 60 ఓమ్‌లు, ప్రేరకత్వం 0.255 హెన్రీలు. 314తో గుణిస్తే రియాక్టెన్స్ 80 ఓమ్‌లు. కాగితం మీద అడ్డంగా 60, నిలువుగా 80 గీయండి. ఏటవాలు గీత 100. కాబట్టి 230 వోల్టుల మీద కరెంటు 2.3 ఆంపియర్లు. రెసిస్టెన్స్ వంతు వోల్టేజి 138, రియాక్టెన్స్ వంతు 184. రెండూ కూడితే 322, ఇంట్లోకి వచ్చిందే 230! ఇక్కడ ఆగి ఆశ్చర్యపోవడం అవసరం. 138, 184ల వర్గాలు కలిపి వర్గమూలం తీస్తే ఖచ్చితంగా 230 వస్తుంది. లంబకోణం మన ఊహ కాదని వోల్ట్‌మీటరే చెబుతోంది. నిజంగా ఖర్చయ్యే శక్తి 2.3 వర్గాన్ని 60తో గుణించినంత, అంటే 317 వాట్లు. లైను మోసింది మాత్రం 529 వోల్ట్ ఆంపియర్లు. ఈ రెండిటి నిష్పత్తి 0.6, దాన్నే పవర్ ఫ్యాక్టర్ అంటారు. త్రిభుజంలో 60ని 100తో భాగించినా అదే వస్తుంది.

పరీక్షకు సూత్రం చాలు కదా, త్రిభుజాల గోల దేనికి అనే అభ్యంతరం ఇక్కడే వస్తుంది. మార్కుల వరకు అది చాలాసార్లు నిజం కూడా. కానీ ఆ కాయిల్‌కు పక్కన, అంటే సమాంతరంగా, 25.5 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ పెట్టామనుకోండి. దాని రియాక్టెన్స్ 125 ఓమ్‌లు. సూత్రం మాత్రమే తెలిసినవాడు 80లోంచి 125 తీసేసి, 45 వర్గానికి 60 వర్గం కలిపి, ఇంపెడెన్స్ 75 ఓమ్‌లనీ, కరెంటు 3.07 ఆంపియర్లకు పెరుగుతుందనీ తేలుస్తాడు. లైనులో క్లాంప్ మీటర్ పెడితే కనిపించేది 1.38. పెరగలేదు, 2.3 నుంచి 40 శాతం తగ్గింది. ఎందుకంటే కాయిల్ దాచుకోవడానికి తీసుకుని వెనక్కి ఇచ్చే 423 రియాక్టివ్ వోల్ట్ ఆంపియర్లను ఇప్పుడు పక్కనే ఉన్న కెపాసిటర్ అందిస్తోంది. లైను 317 వాట్లు మోస్తే చాలు. 317ను 230తో భాగించండి, 1.38 వస్తుంది. సూత్రం అబద్ధం కాదు. వరసగా కలిపిన భాగాలకే అది చెల్లుతుంది. ఆ షరతు సూత్రం మీద రాసి ఉండదు, జంటను చూసేవాడి కళ్లకే కనపడుతుంది.

ఇంకో జంకు పేరులోనే ఉంది. పై తరగతుల్లో ఈ జంటను 60 కూడిక జే 80 అని రాస్తారు. జే ఒక కల్పిత సంఖ్య, మొత్తం ఒక సంకీర్ణ సంఖ్య. కల్పితం, సంకీర్ణం అన్న మాటలు విన్న విద్యార్థి సగం ధైర్యం అక్కడే వదిలేస్తాడు. పేర్లు పెట్టిన పెద్దలను తప్పుపట్టలేం, గణితంలో వాటికి పాత చరిత్ర ఉంది. విద్యుత్తులో జే అంటే ఒక ఆజ్ఞ మాత్రమే: తొంభై డిగ్రీలు తిరిగి నడువు. తూర్పుకు 60 అడుగులు, తర్వాత ఉత్తరానికి తిరిగి 80 అడుగులు. ఇంపెడెన్స్ అన్న మాటను 1886లో ఆలివర్ హెవిసైడ్ వాడుకలోకి తెచ్చాడు. 1893లో చికాగోలో జరిగిన విద్యుత్ మహాసభలో చార్లెస్ స్టైన్‌మెట్జ్ ఈ సంఖ్యల పద్ధతిని ఇంజినీర్ల ముందు పెట్టాడు. అప్పటిదాకా కాలంతో మారే తరంగాలను కలనగణితంతో కుస్తీ పట్టి సాధించేవాళ్లు. ఆయన పద్ధతితో అది కూడికలు, గుణకారాల స్థాయికి దిగింది. అంటే మనల్ని భయపెడుతున్నది నిజానికి పని తేలిక చేయడానికి పుట్టిన పరికరం.

ఈ కాలంలో ఇవన్నీ రిలేలు, సాఫ్ట్‌వేర్లు చేసుకోవా అనేవాళ్లకు జవాబు నల్లమలలోనే ఉంది. ఆధునిక డిస్టెన్స్ రిలే ఆ ప్రశ్నను మనిషి మీదికే నెడుతుంది. రెసిస్టెన్స్ దిశలో ఎంత దూరం చూడాలి, రియాక్టెన్స్ దిశలో ఎంత దూరం చూడాలి అని రెండు గడులు విడివిడిగా ఇచ్చి నింపమంటుంది. చెట్టు కొమ్మ నిప్పుకు చోటివ్వడానికి మొదటి గడి, కిలోమీటర్ల కోసం రెండోది. ఒకే అంకె తెలిసినవాడికి ఆ రెండు గడుల్లో ఏం రాయాలో తోచదు. యంత్రం తెలివి పెరిగేకొద్దీ మనిషికి అక్కర్లేకుండా పోయింది గుణకారం మాత్రమే, ఏ దిక్కున ఎంత అన్న నిర్ణయం కాదు.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం పొలం వైపు నుంచి వస్తుంది. 2004 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయానికి కరెంటు ఉచితం. పవర్ ఫ్యాక్టర్ 0.6 ఉన్నా 0.95 ఉన్నా రైతుకు బిల్లు మారదు, అలాంటప్పుడు ఆయన రియాక్టెన్స్ గురించి ఎందుకు పట్టించుకోవాలి? న్యాయమైన ప్రశ్నే. అయితే ఉచిత విద్యుత్ విధానంలోనే మోటారుకు కెపాసిటర్ పెట్టుకోవాలన్న షరతు చేరింది. ఎందుకో ఒక 5 హెచ్‌పీ బోరు మోటారుతో చూద్దాం. దాని సామర్థ్యం 75 శాతం, పవర్ ఫ్యాక్టర్ 0.8 అనుకుంటే 415 వోల్టుల మీద 8.65 ఆంపియర్లు లాగుతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త. మోటారు వైండింగ్‌కు మల్టీమీటర్ పెట్టి వచ్చిన కొద్ది ఓమ్‌లను త్రిభుజంలో వేయకూడదు. ఒక్కో ఫేజుకు ఇంపెడెన్స్ 27.7 ఓమ్‌లు, అందులో రెసిస్టెన్స్ భాగం 22 పైచిలుకు. రాగి తీగ అంత అడ్డు చూపదు. పాతాళం నుంచి నీళ్లు లాగే పని కూడా కరెంటు కళ్లకు రెసిస్టెన్స్‌గానే కనపడుతుంది, తీసుకున్నది తిరిగి ఇవ్వదు కనుక. ఈ మోటారుకు 2 కేవీఏఆర్ కెపాసిటర్ తగిలిస్తే పవర్ ఫ్యాక్టర్ 0.94కు ఎక్కి, లైను కరెంటు 7.3 ఆంపియర్లకు దిగుతుంది. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మోయగలిగింది 34.8 ఆంపియర్లు. కెపాసిటర్లు లేని నాలుగు మోటార్లు దాన్ని 34.6తో అంచుదాకా నింపేస్తాయి. ఉంటే 29.3తో సరిపెడతాయి. ఐదో మోటారుకు అప్పటికీ చోటు రాదు, కానీ ఎండాకాలం మధ్యాహ్నం ట్రాన్స్‌ఫార్మర్ ఊపిరి పీల్చుకుంటుంది. అది కాలిపోతే పైరు ఎండే రోజులకు బిల్లు ఏ సంస్థా పంపదు, రైతే కడతాడు.

అలాగని కెపాసిటర్‌ను సర్వరోగ నివారిణి చేయకూడదు. కెపాసిటర్ పెడితే లో వోల్టేజి పోతుందని చెప్పే మాటను త్రిభుజంతో పరీక్షించండి. అడవిలోని జీబ్రా తీగ త్రిభుజం దాదాపు నిట్టనిలువుగా ఉంటుంది. 0.07కు 0.4. పొలాల్లో స్క్విరల్ తీగది నేల మీద పడుకున్న త్రిభుజం. కిలోమీటరుకు రెసిస్టెన్స్ 1.4 ఓమ్‌ల దాకా, రియాక్టెన్స్ దాంట్లో నాలుగో వంతు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి అరకిలోమీటరు దూరంలో ఆ నాలుగు మోటార్లూ ఉన్నాయనుకుంటే, ఫేజుకు రెసిస్టెన్స్ వల్ల సుమారు 19 వోల్టులు, రియాక్టెన్స్ వల్ల సుమారు 3.5 వోల్టులు దారిలో పోతాయి. కెపాసిటర్ తగ్గించగలిగింది ఆ మూడున్నరలోనే, అదీ సగం దాకా. పంతొమ్మిదిని అది తాకనైనా తాకదు, ఎందుకంటే నీళ్లు తోడడానికి కావలసిన కరెంటు ఎలాగూ ఆ సన్న తీగ మీదే రావాలి. లైనులో వేడిగా పోయే నష్టం మాత్రం 28 శాతం తగ్గుతుంది, అది నిజమైన లాభమే. లో వోల్టేజికి మందు వేరు: తీగ లావు చేయడం, లేదా 11 కేవీని బోర్ల దగ్గరిదాకా తెచ్చి అక్కడ చిన్న ట్రాన్స్‌ఫార్మర్ నిలపడం. ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో హెచ్‌వీడీఎస్ పేరుతో జరిగింది ఈ రెండో పనే. 11 కేవీ తీగ మీద అదే శక్తికి కరెంటు 26 రెట్లకు పైగా తక్కువ, అదే తీగలో నష్టం దాదాపు 700 రెట్లు తక్కువ. కాబట్టి బోరు దగ్గర వోల్టేజి చాలడం లేదని ఎవరైనా వచ్చి చెబితే, కెపాసిటర్ ఉందా అని అడిగేముందు ట్రాన్స్‌ఫార్మర్ ఎంత దూరంలో ఉంది, స్తంభాల మీద ఉన్నది ఏ తీగ అని అడగండి. ఆ రెండు జవాబులతో అడ్డగీత పొడవు తెలిసిపోతుంది.